వలసవేళ పసివారికి తోడు: గ్రామ సేవాసంఘముల కర్తవ్యము

శ్రావణమాసము వచ్చెననగా ఉరుకుందకు దారితీయు బాటలన్నియు జనముతో నిండిపోవును. కౌతాళం మండలమందలి యీ గ్రామమున వెలసిన ఈరన్నస్వామిని దర్శించుటకు మన జిల్లావారే గాక కర్ణాటక ప్రాంతమువారును వేలసంఖ్యలో వత్తురు. ఆ దినములలో అన్నము పెట్టు చేతులకు కొదువ యుండదు. కాని పుణ్యమాసము గడచి, దసరా దీపావళులు దాటిన పిమ్మట ఈ ప్రాంతపు పల్లెలకు వచ్చి చూచినచో వేరొక దృశ్యము కానవచ్చును. వీథిలో పెక్కిండ్లకు తాళములు. ఒక యరుగుమీద అవ్వ, ఆమె ప్రక్కన ఒకరిద్దరు పసివారు.

ఈ తాళముల కథ మనకు క్రొత్తది కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం ప్రాంతములలో వర్షాధారపు సేద్యమే మెండు. తుంగభద్ర దిగువ కాలువ నీరందిన పొలములు కొన్ని. ఆకాశమును నమ్ముకొన్నవి అనేకము. ఊరిలో పని చిక్కనప్పుడు మేస్త్రీ యిచ్చిన బయానా చేతబట్టుకొని కుటుంబములు గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు తరలిపోవును. పెక్కుమంది ఉగాది నాటికి గాని తిరిగి రారు. పెద్దలతో పోయిన బిడ్డ మొదట చేనిగట్టున చెల్లెలిని ఆడించును. కొన్నాళ్లకు తానును గంప పట్టును. ఊరిలో నిలిచిన బిడ్డ అవ్వ వండిననాడు తిని బడికి పోవును. అవ్వకు జ్వరము వచ్చిననాడు ఆ బిడ్డయే పొయ్యి ముట్టించును. ఇరువురికిని నష్టమగునది బడిలోని సంవత్సరమే.

మన సీమలో దానధర్మములకు పేరుపొందినవారు లేకపోలేదు. 1866 నాటి కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలమందికి గంజి, అన్నము పెట్టి ప్రాణములు నిలిపిరి. అట్టి మహాదాతను నేటికిని మనము తలచుకొనుచున్నాము. అయితే కరవునాటి సహాయము వేరు, వలసనాటి సహాయము వేరు. కరవులో కావలసినది నిండుకుండ. వలసవేళ కావలసినది ప్రతిదినము తలుపు తట్టి, "అవ్వా, పిల్లవాడు బడికి పోయెనా?" అని యడుగు మనిషి. దీనికి ధనవంతుడే కానక్కరలేదు. చదువుకొన్న యువకులు, మహిళా సంఘ సభ్యురాండ్రు, విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడు, ఇట్టివారు పదిమంది చాలుదురు.

ఇట్లు పనిచేసి చూపినవారు మన తెలుగు నేలపైననే కలరు. ఆచార్య మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో నెలకొల్పిన ఫౌండేషను శాంతా సిన్హాగారి నాయకత్వమున రంగారెడ్డి జిల్లా పల్లెలలో బాలకార్మికులను బడికి చేర్చుటకు పూనుకొన్నది. వారు బిడ్డను పంపుమని తల్లిదండ్రులకు డబ్బు పంచలేదు. గ్రామ యువకులు ఇంటింటికి పోయి, బడికి రాని ప్రతి బిడ్డ పేరును వ్రాసికొనిరి. తల్లిదండ్రులతో మరల మరల మాటలాడిరి. చదువు వెనుకబడినవారికి శిబిరములు నడపి, వయస్సుకు తగిన తరగతిలో చేర్చిరి. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. ఆ పనికి మూలము పేర్లు వ్రాసిన పుస్తకమే యని మా అభిప్రాయము.

కాబట్టి సంఘమువారు దసరాకు ముందే పుస్తకము తెరువవలెను. ఏ యింటివారు పోవుదురు, ఎచ్చటికి, ఏ మేస్త్రీతో, అతని ఫోను అంకె యేది, ఏ బిడ్డ వెంటపోవును, ఏ బిడ్డ ఎవరివద్ద నిలుచును: ఇవి వ్రాసికొనవలెను. బిడ్డను ఊరిలోనే నిలుపుటకు తల్లిదండ్రులు సమ్మతించినచో సగము పని ముగిసినట్లే. సమగ్ర శిక్షా పథకము క్రింద వలసకాలపు వసతిగృహములు నడపు ఏర్పాటు కలదు. ఈ యేడు తమ మండలమున అట్టిది తెరతురా యని విద్యాశాఖాధికారిని ముందుగా అడుగవలెను. ఇండ్లకు తాళములు పడిన తరువాత అడిగి ప్రయోజనము లేదు.

వెంటపోవు బిడ్డ విషయమున 2009 నాటి విద్యాహక్కు చట్టము మనకు అండ. పోయినచోటి ప్రభుత్వ పాఠశాలలో చేరుటకు ఆ బిడ్డకు హక్కు కలదు. బదిలీ పత్రము ఆలస్యమైనదని గాని, వయస్సు ధ్రువపత్రము లేదని గాని చేర్చుకొనుట మానరాదు. ఈ సంగతి ఎరుగక ఎందరో తల్లులు బడి గుమ్మము నుండియే మరలిపోవుచున్నారు. సంఘమువారు ఈ నాలుగు మాటలు కాగితముపై వ్రాసి తల్లి చేతికిచ్చినచో మేలు.

ఇక ధనము మాట. ఇంటికి వారమునకొక పిడికెడు జొన్నలో, బియ్యమో ప్రోగుచేసినను అవ్వల ఇండ్లకు కొంత ఆసరా యగును. వచ్చినదియు పోయినదియు ఏనాటికానాడు వ్రాసి, నెలకొకసారి పంచాయతీ కార్యాలయమువద్ద చదివి వినిపింపవలెను. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేతవారిచే సహకార సంఘము స్థాపింపజేసిరి. పేదవారు కూడి లెక్కతో నడుపుట ఈ ప్రాంతమునకు తెలియని విద్య కాదు. ఏడుగురు సభ్యులున్నచో 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద సంఘమును నమోదు చేయించుకొనవచ్చును.

ఒక హెచ్చరిక. జాలిపడి పిల్లలను ఒక యింట చేర్చి ఆశ్రమము పెట్టుటకు కొందరు ఉత్సాహపడుదురు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము నమోదు లేక అట్లు చేయరాదు. దిక్కులేని బిడ్డ కనబడినచో 1098 అంకెకు ఫోను చేయవలెను. ఇరువదినాలుగు గంటలలో బాలల సంక్షేమ సమితి యెదుటకు చేర్చవలెను. మరియొకటి: పలకయో, చొక్కాయో ఇచ్చుచు బిడ్డచేత దానిని పైకెత్తించి ఫొటో తీయుట మాకు రుచింపదు. రేపు అదే బిడ్డ ఆ బడిలోనే తోటివారి నడుమ కూర్చుండవలెను గదా!

ఉగాదికి ఇండ్ల తాళములు తీసిననాడు పుస్తకమును మరల తెరచి, పేరు పేరునకు ఎవరు తిరిగి వచ్చిరో గుర్తు పెట్టవలెను. వచ్చిన బిడ్డను ఆ వారములోనే బడికి తోడ్కొనిపోవలెను. తప్పిన పాఠములను వేసవి సాయంకాలములందు రచ్చకట్టపైననో, గుడి మండపముననో ఒక గంటసేపు చెప్పినచో, జూన్‌లో బడి తెరచులోపల చాలవరకు అందుకొందురు.