దీపం మసకబారితే తప్పు బల్బుదేనా?

చీకటి పడ్డాక కాలువ గట్టు మీద సైకిలు తొక్కుతూ ఇంటికి వచ్చే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. మన గోదావరి డెల్టాలో ఊరికీ ఊరికీ మధ్య దారి చాలాచోట్ల గట్టు మీదే. ఒక పక్క నీళ్లు, మరో పక్క చేలు, నడుమ ఇరుకు రోడ్డు. ఎదురుగా ఒక ట్రాక్టరో, కొబ్బరికాయల వ్యానో వస్తుంటే, మిమ్మల్ని డ్రైవరుకు చూపించేది దాని హెడ్‌లైటే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 11 మీటర్లు ముందుకు వస్తుంది. మీరు కనబడ్డాక డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేలోగానే ఒక సెకను గడిచిపోవచ్చు. కనుక ఆ దీపం నలభై మీటర్లు చూపిస్తుందా, ఇరవై మీటర్లే చూపిస్తుందా అన్నది చిన్న విషయం కాదు.

కొన్నప్పుడు చక్కగా వెలిగిన దీపాలు కొన్నాళ్లకు మసకబారడం మీరు చూసే ఉంటారు. తరచుగా జరిగేది ఇది. వెలుతురు చాలడం లేదని యజమాని ఎక్కువ వాట్ల బల్బులు తెస్తాడు, లేదా అదనపు దీపాలు పెట్టిస్తాడు. బిగించే మనిషి తొందరలో పాత వైరు పైతొడుగు ఒలిచి, కొత్త వైరును దానికి మెలిపెట్టి, పైన టేపు చుట్టి పంపేస్తాడు. మొదట్లో దీపం ధగధగలాడుతుంది. ఒక వర్షాకాలం దాటేసరికి వెలుగు పసుపెక్కి, ఎర్రబడుతుంది. మళ్లీ బల్బు మారుస్తారు. అయినా బాగుపడదు. ఎందుకు?

వెలుగును దొంగిలించేది ఎవరు?

మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని ఓమ్ నియమాన్ని జ్ఞాపకం చేసుకోండి. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో దీనిని ప్రకటించాడు. వలయంలో ప్రవాహం వోల్టేజికి అనులోమంగానూ, నిరోధానికి విలోమంగానూ ఉంటుంది.

ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులనుకుందాం. హెడ్‌లైటు బల్బు 60 వాట్లది. 60ని 12తో భాగిస్తే ప్రవాహం 5 ఆంపియర్లు. 12ను 5తో భాగిస్తే బల్బు నిరోధం 2.4 ఓమ్‌లు. ఇది మంచి వైరింగు సంగతి.

ఇప్పుడు ఆ మెలిపెట్టిన అతుకులూ, సన్నటి వైరూ కలిసి 0.6 ఓమ్ నిరోధం చేర్చాయనుకోండి. అవి బల్బుతో శ్రేణిలో ఉన్నాయి కనుక మొత్తం నిరోధం 3 ఓమ్‌లు. ప్రవాహం 4 ఆంపియర్లకు పడిపోతుంది. బల్బుకు దక్కేది 4 × 2.4 = 9.6 వోల్టులే. మిగతా 2.4 వోల్టులు దారిలోనే ఖర్చయిపోయాయి!

(చల్లబడిన ఫిలమెంటు నిరోధం కొంచెం తగ్గుతుంది కనుక నిజమైన అంకెలు కాస్త తేడాగా ఉంటాయి.)

వోల్టేజి అయిదో వంతు తగ్గితే వెలుగు కూడా అయిదో వంతే తగ్గుతుందనుకుంటున్నారా? అక్కడే ఉంది చిక్కు. ఫిలమెంటు వేడి తగ్గినకొద్దీ అది వెలువరించే శక్తిలో కంటికి కనిపించే కాంతి వంతు వేగంగా పడిపోతుంది. 12 వోల్టుల బల్బుకు 9.6 వోల్టులిస్తే వెలుగు సగానికంటె తక్కువే వస్తుంది. రంగు ఎర్రబడటానికి కారణం కూడా అదే.

దొంగిలించిన శక్తి ఎక్కడికి పోయింది? వేడిగా మారింది. జౌల్ నియమం ప్రకారం 4 × 4 × 0.6 = 9.6 వాట్లు. ఇదంతా ఒకే అతుకు దగ్గర పుట్టిందంటే, టేపు కరిగిపోతుంది, పక్క వైర్ల తొడుగు మాడుతుంది. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే ఇంకా ప్రమాదం. ప్రవాహం రెండింతలైతే వైరులో వేడి నాలుగింతలు కదా!

అతుకు ఎందుకు చెడుతుంది?

ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల మంచి రాగి తీగ ఒక మీటరుకు నిరోధం సుమారు 0.017 ఓమ్ మాత్రమే. అంటే అసలు దోషి చాలాసార్లు తీగ కాదు, అతుకు. మెలిపెట్టిన తీగలు కొన్ని చోట్లే ఒకదానికొకటి తాకుతాయి. టేపు సందుల్లోంచి చెమ్మ లోపలికి పోతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న కోనసీమలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ఇత్తడి బిందె మీద పచ్చటి చిలుము చూశారు కదా, అటువంటిదే తీగల మధ్య చేరి ప్రవాహాన్ని అడ్డుకుంటుంది.

బండిలో ప్రవాహం తిరిగి వెళ్లే దారి ఇనుప చట్రమే. దీన్నే మెకానిక్కులు 'ఎర్తు' అంటారు. రంగు మీదో, తుప్పు మీదో ఎర్తు వైరు బిగిస్తే అక్కడా నిరోధం పెరుగుతుంది. ఇండికేటరు వేసినప్పుడల్లా పక్క దీపం కూడా మిణుకుమంటే ముందుగా ఎర్తును అనుమానించండి. సరైన దారి లేక ప్రవాహం మరో దీపం గుండా తిరిగి వెళుతోందన్నమాట.

దొంగను పట్టుకోవడం

చాలామంది బల్బు ఊడదీసి, ఆ కనెక్టరు దగ్గర మీటరు పెట్టి, "12 వోల్టులు వస్తున్నాయి, వైరింగు బాగుంది" అంటారు. ఇది మోసపోవడమే. బల్బు లేనప్పుడు ప్రవాహం దాదాపు సున్న. ప్రవాహం లేనిచోట చెడ్డ అతుకు కూడా వోల్టేజిని తినదు.

కనుక దీపం వెలుగుతుండగానే కొలవాలి. మీటరు ఒక కొసను బ్యాటరీ ప్లస్‌కూ, రెండో కొసను బల్బు ప్లస్‌కూ తాకించాలి. చూపించేదే ఆ దారిలో పోయిన వోల్టేజి. అలాగే బల్బు ఎర్తు నుంచి బ్యాటరీ మైనస్ వరకూ కొలవాలి. అర వోల్టు దాటితే ఆ దారిలో ఒక్కొక్క అతుకునూ విడిగా పరీక్షించాలి.

సరిచేసే పద్ధతి

మొదట బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. చెడ్డ అతుకులు కోసేసి, తగినంత లావు వైరు వేసి, టెర్మినళ్లు గట్టిగా నొక్కి బిగించాలి. ఎర్తు బిగించేచోట రంగు గీకి, లోహం మెరిసేలా చేయాలి. బల్బు కంపెనీ చెప్పిన వాట్లదే ఉండాలి. వాట్లు పెరిగితే వైరే కాదు, ప్లాస్టిక్ హోల్డరూ మాడుతుంది.

అదనపు దీపాలు తప్పనిసరైతే రిలే కావాలి. రిలే అంటే విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్చి. జోసెఫ్ హెన్రీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1835లో ఈ ఉపాయాన్ని చేసి చూపాడు. దాని తీగచుట్ట నిరోధం 80 ఓమ్‌లైతే డ్రైవరు స్విచ్చి గుండా పోయేది 0.15 ఆంపియరే. దీపాలకు కావలసిన పెద్ద ప్రవాహం బ్యాటరీ నుంచి పొట్టిదారిలో, లావు వైరులో నేరుగా వెళుతుంది. ఆ దారి మొదట్లో, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండి తీరాలి. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టడమంటే ఇంటికి నిప్పు కాపలా పెట్టడమే. వైరు ఎక్కడైనా ఒరుసుకుని చట్రానికి తాకితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఇవ్వగలదు.

చేసి చూడండి

బండి బ్యాటరీ జోలికి మీరు వెళ్లకండి, అది పెద్దల పని. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, రెండు వైపులా చెక్కిన పెన్సిలు తీసుకోండి. బల్బు వెలిగించి చూడండి. తరువాత పెన్సిలు సీసాన్ని దానితో శ్రేణిలో కలపండి. వెలుగు తగ్గిందా? మీ చెడ్డ అతుకు అదే.

ఇప్పుడొక ప్రశ్న. చాలా లారీలలో 24 వోల్టుల వైరింగు ఉంటుంది. 60 వాట్ల బల్బుకు అదే 0.6 ఓమ్ అతుకు అడ్డొస్తే, బల్బుకు ఎన్ని వోల్టులు దక్కుతాయి? లెక్కకట్టండి. 22.6 వస్తే మీరు సరిగ్గా చేసినట్లే. అక్కడ నష్టం అంత తక్కువ ఎందుకయిందో ఆలోచిస్తే, మీ ఊరి పొలాల మీదుగా పోయే విద్యుత్ లైన్లలో వేల వోల్టులు ఎందుకు పెడతారో కూడా మీకే తెలిసిపోతుంది.