కరెంటు పోయాక మిగిలేదే లెక్క

1. డేటాబేస్ సంగతి తర్వాత, ముందు మిషన్‌ను చూడు నాయనా. బనగానపల్లె నుంచి యాగంటి పోయే బస్సులో కండక్టర్ చేతిలో టికెట్ మిషన్ ఉంటుంది కదా. రాసేదీ, చదివేదీ అదొక్కటే. సిగ్నల్ ఉన్నా లేకున్నా టికెట్ రావాలి. దానికి వేరే సర్వర్ దండగ, ప్రోగ్రాంలోనే కలిసిపోయే లైబ్రరీ చాలు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీ పుట్టిందీ ఇట్లాంటి అవసరంతోనే. 2000లో రిచర్డ్ హిప్ అమెరికా యుద్ధనౌకలకు సాఫ్ట్‌వేర్ రాసేవాడు. డేటాబేస్ సర్వర్ పడిపోతే ఈయన ప్రోగ్రామూ పడిపోయేది. అందుకని సర్వరే అక్కర్లేనిది ఒకటి రాశాడు. అంతా కలిపి ఒక ఎంబీ లోపే.

2. వేగమెంత అని అందరూ అడుగుతారు. బ్యాటరీ ఊడితే ఏమవుతుందని ఎవరూ అడగరు. మార్చబోయే పేజీ పాత ప్రతిని ఎస్‌క్యూలైట్ ముందు జర్నల్‌లో దాచుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్ళీ తెరిచినప్పుడు దాంతోనే సరిచేసుకుంటుంది. టికెట్ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకుంటే అసలుండదు. కాకపోతే కొన్ని చౌక ఎస్‌డీ కార్డులు రాయకుండానే రాశామంటాయి. రాత కార్డుకు చేరేదాకా ఆగే సింక్రనస్ సెట్టింగ్‌ను ఆఫ్ చేసి వేగం చూపించేవాళ్ళూ అంతే. రాస్తుండగా ప్లగ్ పీకు. మళ్ళీ మళ్ళీ పీకి చూడు.

3. ఫ్లాష్ మెమరీని చెరిపి రాయడానికి ఒక హద్దుంది. సెన్సర్ ఇచ్చే ఇరవై బైట్ల రీడింగ్‌కైనా మామూలుగా 4096 బైట్ల పేజీ మొత్తం రాయాల్సి వస్తుంది, జర్నల్ అదనం. యాగంటి గుళ్ళో రాతి నంది, బసవన్న, ఇరవై ఏళ్ళకు అంగుళం పెరుగుతాడంటారు. ఆయన్ను కొలవడానికి సెకనుకోసారి కమిట్ చేస్తావా? నీటిమట్టం, ఉష్ణోగ్రత లాంటివి ర్యామ్‌లో పోగేసి ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయి. కరెంటు పోతే నాలుగు రీడింగులు పోతాయి, పోనీ. టికెట్ సంగతి వేరు. డబ్బు చేతులు మారింది, ఆ క్షణమే కమిట్ కావాలి.

4. ఎస్‌క్యూలైట్‌లో ఒకసారికి రాసేది ఒక్కరే. 2010లో వచ్చిన వాల్ (రైట్-అహెడ్ లాగ్) మోడ్ పెట్టుకుంటే చదివేవాళ్ళు ఆగక్కర్లేదు, కానీ ఆ ఫైలును నెట్‌వర్క్ డ్రైవ్ మీద పెట్టకు. ఎడతెగకుండా రాయాల్సి వస్తే రాక్స్‌డీబీ, చదవడమే ఎక్కువైతే ఎల్ఎండీబీ. పదుల కేబీల ర్యామ్ ఉన్న చిప్‌కు డేటాబేసే వద్దు. రింగ్ బఫర్, రికార్డు చెడితే పట్టించేలా రికార్డు రికార్డుకూ ఒక సీఆర్‌సీ చాలు.

5. లైసెన్సు చదువు. ఇట్లాంటిదే మరో లైబ్రరీ బర్కిలీ డీబీ 2006లో ఒరాకిల్ చేతికి పోయింది, 2013లో నీ సోర్సూ బయటపెట్టమనే ఏజీపీఎల్ లైసెన్సుకు మారింది. ఎస్‌క్యూలైట్ పబ్లిక్ డొమైన్, 2050 దాకా చూసుకుంటామంటున్నారు దాన్ని రాసేవాళ్ళు. ఏది తీసుకున్నా, మిషన్‌లోకి ఎక్కించిన ఆ వెర్షన్ సోర్సు ఒక ప్రతి నీ దగ్గర ఉంచుకో.