రాత ఒకటి, పలుకు ఒకటి

వంగదేశీయుల నోట ‘వివేకానంద’ పేరు విన్నారా? ‘బిబేకానొందొ’ అంటారు. మన ‘సముద్రం’ వారికి ‘షొముద్రొ’.

బెంగాలీలో ‘బ’కూ ‘వ’కూ అక్షరం ఒక్కటే. శ, ష, సలకు మాత్రం మూడు అక్షరాలూ ఉన్నాయి. తమాషా ఏమిటంటే, మూడింటినీ దాదాపు ఒకేలా, ఇంచుమించు మన ‘ష’ మాదిరిగా పలుకుతారు. త, థ, న వంటివి కలిసినప్పుడే ‘స’ నిలుస్తుంది. ‘స్థాన్’ అన్న మాటలో వలె.

ఎందుకిలా? బెంగాలీ మాగధీ ప్రాకృతం సంతతిదని సునీతికుమార్ ఛటర్జీ 1926లో వెలువడిన తన గ్రంథంలో వివరించారు. ఆ ప్రాకృతంలోనే మూడు ధ్వనులూ కలిసి ‘శ’ అయ్యాయి. సాక్ష్యం కావాలా? కాళిదాసు ‘శాకుంతలం’లో ఉంగరం దొరికిన జాలరి మాగధిలో మాట్లాడతాడు. ‘స’ అనవలసిన చోట ‘శ’ అంటాడు! ఆ జాలరి యాసకు చుట్టమైన పలుకు నేడు ఇరవై కోట్లకు పైగా జనం నోట వినిపిస్తోంది.

నాలుక మారినా, సంస్కృత పదాల రాతను పండితులు మార్చలేదు. అందుకే కలకత్తాలోనైనా, ఢాకాలోనైనా బడిపిల్లలు ఏ మాటకు ఏ ‘ష’ రాయాలో కంఠస్థం చేయవలసిందే.

ఇంత చిక్కు రాతను వదలడానికి మాత్రం వారు ఒప్పుకోలేదు. దేశవిభజన తర్వాత తూర్పు పాకిస్తాన్‌లో బెంగాలీని అరబ్బీ లిపిలో రాయించే ప్రయత్నాలు జరిగాయి. ప్రజలు ఎదిరించారు. బెంగాలీని కూడా రాజభాష చేయాలని 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో ఆందోళన చేసిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1956 నాటి పాకిస్తాన్ రాజ్యాంగం ఉర్దూతోపాటు బెంగాలీకీ ఆ స్థానమిచ్చింది. అరబ్బీ లిపి మాట మూలబడింది. మూడు అక్షరాలూ నిలిచాయి.