లేసరు వెలుగు తడబాటు – దాని జాడ తీయు విధము

పాలకాయతిప్ప యొడ్డున సందెవేళ లాంతరు ముందు కూర్చున్నవా రీ సంగతి నెరుగుదురు. దీప మొక్కసారి రెపరెపలాడి మరల నిలుచును. చమురు తక్కువయ్యెనా? వత్తి చెడెనా? సముద్రపు గాలి సోకెనా? లేక మన కనురెప్పయే వాలెనా? ఎల్లప్పుడు నుండు దోషము కంటె అప్పుడప్పుడు వచ్చిపోవు దోషమును పట్టుట కష్టము. లేసరు కాంతి విషయమున నిట్టి చిక్కునే మే మీ పాఠమున విచారింపదలచితిమి.

కాంతిసాధనములు మన సీమకు క్రొత్తవి కావు. బందరున 1926లో స్థాపింపబడిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరెను. తొలి లేసరును 1960లో అమెరికాలో మైమన్ పండితుడు వెలిగించెను.

లేసరు శక్తి వేడిమివలనను, విద్యుత్తు హెచ్చుతగ్గులవలనను మారుచుండును. దానిని నిలుపుటకై కిరణమున కొంత భాగమును ప్రక్కకు మరల్చి ఫొటోడయోడుపై బడజేయుదురు. ఆ డయోడు వెలుగును విద్యుత్ప్రవాహముగా మార్చును. ఆ ప్రవాహమును వోల్టేజిగా మార్చి, మార్పులేని యొక ప్రమాణ వోల్టేజితో పోల్చి, భేదమున్నచో లేసరును సవరించుదురు. లాకు కాపరి కొలబద్దను జూచి తలుపులను ఎత్తుచు దించుచు నుండుటయు నిట్టిదే.

ఆ కొలబద్దయే జేనెడు దిగువకు జారెననుకొందము. నీరు సరిగా నున్నను ఎక్కువైనట్లు కనబడును. కాపరి తలుపులు దించును. కొలబద్ద మరల సరియైన అంకెనే చూపును. కాలువ చివరి చేలు మాత్ర మెండును. అట్లే వలయములోని డయోడు తప్పు చెప్పినచో, యంత్రము మంచి వెలుగును చెడగొట్టి, అంతయు బాగున్నదని చూపును. కావున వలయమునకు వెలుపల రెండవ డయోడొకటి సాక్షిగా నుండవలెను.

జాడ తీయు క్రమ మిది.

మొదట, సవరణను ఆపి రెండు డయోడులను గమనింపవలెను. రెండును ఒక్కసారే తడబడినచో, లోపము వెలుగుననో, రెంటికిని ఉమ్మడియైన విద్యుత్సరఫరాలోనో యుండును. ఒక్కటే తడబడినచో, దాని త్రోవలోనే వెదకవలెను.

రెండవది, కిరణమునకు అడ్డు పెట్టవలెను. చీకటియందును తడబాటు వచ్చెనా, అది వెలుగుది కాదు, తీగెలది, యంత్రభాగములది. రాకున్నచో, బ్యాటరీతో వెలుగు నిలుకడగల దీపమును డయోడుపై ప్రసరింపజేసి చూడవలెను. అప్పుడును రానిచో, కిరణమార్గమున ధూళి పడుచున్నదేమో, అద్దమునుండి వెలుగు వెనుకకు మరలి లేసరులో జొచ్చుచున్నదేమో విచారింపవలెను.

మూడవది, రెండు డయోడుల తీగెలను తారుమారు చేయవలెను. దోషము తీగెతోడనే పోయినచో దొంగ దొరికినట్లే. ఒక్కమారున ఒక్కదానినే మార్చవలెను. అతుకులను కర్రపుల్లతో మెల్లగా తట్టి చూడవలెను. మన తీరమున ఉప్పుగాలికి రాగి చిలుము పట్టును. అట్టి అతుకు ఒకప్పుడు కలియును, ఒకప్పుడు విడును.

నాల్గవది, తడబడిన ప్రతి వేళను పుస్తకమున వ్రాసి, పంపుమోటారు, పంకా మొదలగువాని వేళలతో సరిచూడవలెను. గంటకొకసారి వచ్చు దోషము పదినిమిషములు రానంతమాత్రమున కుదిరినదనరాదు. పెక్కు గంటలు వేచియుండవలెను.

ఇంత శ్రమ యేలయందురా? అమెరికాలోని లైగో పరిశోధనాలయములు 2015 సెప్టెంబరు 14న గురుత్వ తరంగమును తొలిసారి గుర్తించెను. అచట లేసరు శక్తి యించుక తడబడినను అద్దములు కదలి, లేని వార్త యున్నట్లు తోచును. సుమారు 3000 కిలోమీటర్ల యెడముగల రెండు కేంద్రములును ఒకే గుర్తును చూపుటచేతనే శాస్త్రజ్ఞులు దానిని నమ్మగలిగిరి. అట్టి కేంద్రమొకటి మహారాష్ట్రమందలి హింగోలి జిల్లాలో నెలకొల్పుటకు 2023లో కేంద్ర ప్రభుత్వ మనుమతించెను.

బాలురారా, బాలికలారా! లేసరు కిరణమును కంటితో నేరుగా చూడరాదు. మీ యింటి దీపము రెపరెపలాడినపుడు మాత్రము పొరుగింటి దీపమును గూడ చూడుడు. రెండును ఆడినచో తప్పు మీ దీపముది కాదని తెలియును. పరీక్షకు మొదటి మెట్టు అదియే.