సెవిల్ నగర రైలు స్టేషన్లు, నగర రవాణా – ఒక పరిచయము

క్రొత్త నగరములో అడుగుపెట్టిన ప్రయాణికుని కలవరపెట్టునది భాష అని సాధారణముగా తలంతుము. కాని భాష రానివాడు కూడ బోర్డు మీది పేరును తన టికెట్టులోని పేరుతో పోల్చుకొనగలడు, అంకెలను చదువగలడు. అతనిని నిజముగా త్రోవ తప్పించునది వేరొకటి. ఒకే నగరములో వేర్వేరు సంస్థలు నడుపు రైళ్ళు, బస్సులు, ట్రాములు ఎచ్చట కలియునో, ఎచ్చట కలియవో తెలియకపోవుటయే ఆ చిక్కు. ఉన్నత విద్యకై విదేశములకు పోవు మన విద్యార్థులలో పెక్కుమంది సామాన్య కుటుంబములవారు. తప్పిపోయిన రైలు టికెట్టు, అనవసరపు టాక్సీ కిరాయి వారికి చిన్న నష్టములు కావు. కావున స్పెయిన్ దేశపు దక్షిణ భాగమున గల సెవిల్ నగరమును ఉదాహరణగా గైకొని ఈ విషయమును వివరించెదను.

నగరము – స్టేషన్లు

సెవిల్ నగరమును అరబ్బులు ఇష్బీలియా అని పిలిచిరి. అచ్చట పారు నది పేరు గ్వాదల్కివీర్. ఇది 'వాదీ అల్ కబీర్' అను అరబ్బీ పదబంధమునకు రూపాంతరము. పెద్ద నది అని భావము. 12వ శతాబ్దిలో అల్మొహద్ పాలకులు కట్టించిన మసీదు మీనారు నేడు ప్రధాన చర్చికి గంటల గోపురమై, హిరాల్దా అను పేర నిలిచియున్నది. పాత నగరపు వీధులు మిక్కిలి ఇరుకు. రైలు మార్గములు ఆ ఇరుకు వీధులలోనికి చొరక, అంచులయందే ఆగినవి.

పూర్వము ఇచ్చటి ప్రధాన స్టేషన్లు రెండు: నది చెంత ప్లాసా దె ఆర్మాస్, మరియొక అంచున సాన్ బెర్నార్దో. 1992లో సెవిల్‌లో ప్రపంచ ప్రదర్శన జరుపదలచినపుడు రైలు మార్గములను తిరిగి ఏర్పరచి, 1991లో సాంతా హుస్తా అను క్రొత్త స్టేషనును తెరచిరి. 1901లో కట్టబడి, గుర్రపు నాడము వంటి తోరణములతో ఒప్పు ప్లాసా దె ఆర్మాస్ భవనమునకు 1990 తరువాత రైళ్ళు రావు. అది అంగళ్ళ సముదాయమైనది. దాని సమీపమున అదే పేరుతో దూరప్రాంత బస్సుల స్టేషను కలదు. ప్రాదో దె సాన్ సెబాస్తియాన్ అను మరియొక బస్సు స్టేషను కూడ ఉన్నది. కావున 'సెవిల్ స్టేషను' అని మాత్రము గుర్తుంచుకొనిన చాలదు. టికెట్టులో ఏ స్టేషను పేరున్నదో దానిని పూర్తిగా చూడవలెను.

సాంతా హుస్తాలో రైలెక్కుట

1992 ఏప్రిల్ 21న మాడ్రిడ్, సెవిల్ నగరముల నడుమ ఆవే అను అతివేగపు రైళ్ళు ప్రారంభమైనవి. సుమారు 470 కిలోమీటర్ల దూరము రెండున్నర గంటలకు తగ్గినది. స్పెయిన్ పాత రైలు మార్గముల వెడల్పు 1668 మిల్లీమీటర్లు. మన దేశపు బ్రాడ్‌గేజి 1676. భేదము 8 మిల్లీమీటర్లు మాత్రమే. అతివేగపు మార్గమును మాత్రము తక్కిన యూరపు దేశములతో కలియునట్లు 1435 మిల్లీమీటర్ల వెడల్పుతో వేసిరి. సాంతా హుస్తాలో రెండు విధముల పట్టాలును ఉన్నవి.

అతివేగపు రైలు ఎక్కువాడు మొదట తన సామానును యంత్రములో తనిఖీ చేయించుకొనవలెను. తరువాత టికెట్టు చూపి ప్లాట్‌ఫారము చేరవలెను. రైలు కదలుటకు కొద్ది నిమిషముల ముందే ఈ ద్వారము మూసివేయుదురు. పరుగున వచ్చి కదలుచున్న బండి ఎక్కు అలవాటు అచ్చట పనికిరాదు. అర్ధగంట ముందు చేరుట క్షేమము.

బోర్డులపై కనిపించు ముఖ్యమైన మాటలు కొన్ని: 'సాలీదాస్' అనగా బయలుదేరు రైళ్ళు, 'యెగాదాస్' అనగా వచ్చు రైళ్ళు, 'వీయా' అనగా పట్టా సంఖ్య. టికెట్టులో 'కోచే' అనగా పెట్టె, 'ప్లాసా' అనగా సీటు. ఇదే 'ప్లాసా' నగరపటములో కూడలి అను అర్థమిచ్చును.

మన ఉర్దూ విద్యార్థులకు కొన్ని మాటలు ఆత్మీయముగా తోచును. టికెట్టు కిటికీకి స్పానిష్ పేరు 'తకీయా'. గోడలోని గూటిని ఉర్దూలో తాఖ్ అందుము, రెండింటి మూలము ఒక్కటే. రుసుమునకు 'తరీఫా' అందురు. ఇది అరబ్బీ 'తారీఫ్' మాటకు చుట్టము. 'వరకు' అను అర్థము గల 'ఆస్తా' కూడ అరబ్బీ 'హత్తా' నుండి వచ్చినదే.

సాన్ బెర్నార్దో – కూడలి

సాంతా హుస్తాలో దిగినవానికి ఎదురగు మొదటి చిక్కు, ఇంత గొప్ప స్టేషనుకు మెట్రో రాకపోవుట. మెట్రో ప్రణాళిక 1970లలోనే పుట్టినది. పనులు 1980లలో ఆగిపోయి, చివరకు 2009 ఏప్రిల్ 2న మొదటి మార్గము ప్రారంభమైనది. ఈ మధ్యకాలమున పుట్టిన స్టేషను ఆ మార్గమునకు దూరముగా ఉండిపోయినది.

ఈ కొరతను తీర్చునది సాన్ బెర్నార్దో. సెర్కనియాస్ అను సమీప ప్రాంతపు రైళ్ళు, మన హైదరాబాదు ఎమ్మెంటీఎస్ వంటివి, సాంతా హుస్తా నుండి కొద్ది నిమిషములలో అచ్చటికి చేర్చును. అది తరువాతి స్టేషనే. రైలు, మెట్రో, ట్రాము మూడును అచ్చట కలియును. మెట్రోలో ప్వెర్తా హెరెస్ చేరిన పాత నగరము ముంగిట నిలిచినట్లే. మెట్రో రుసుము మండలములను బట్టి ఉండును; బయటికి వచ్చునపుడు కూడ టికెట్టు చూపవలెను గనుక దానిని పారవేయరాదు. ట్రాము చర్చి ప్రక్కగా ప్లాసా న్వేవా వరకు పోవును. ఆ చారిత్రక వీధిలో తలపై తీగలు లేవు; ట్రాము ఆగుచోట్ల విద్యుత్తు నింపుకొని సాగును. ఈ ట్రామును 2024లో నెర్వియోన్ పేట దాకా పొడిగించిరి.

బస్సు ఎక్కదలచినవారు ఒక విషయము మరువరాదు. సాంతా హుస్తా వద్ద 'సి1' అను గుర్తు రెండింటికి కలదు. రైలు మీద ఉన్నచో 'సి' అనగా సెర్కనియాస్. నగర బస్సు మీద ఉన్నచో 'సి' అనగా వలయమార్గము. రైలు నగరము దాటి ఉత్రేరా ఊరి వైపు పోవును. బస్సు నగరమును చుట్టి వచ్చును. బస్సులలో సి1, సి2 ఒకే వలయమున ఎదురెదురు దిక్కులకు తిరుగును. కావున సంఖ్యతో పాటు దిక్కును కూడ చూడవలెను. స్టాపులో చేయి చూపి బస్సును ఆపి, ముందు ద్వారమున ఎక్కి, దిగుటకు మీట నొక్కి, మధ్య లేక వెనుక ద్వారమున దిగవలెను.

ముగింపు

పట్టాలు, స్టేషన్లు ఒక జాతీయ సంస్థవి. మెట్రో అందలూసియా ప్రాంతీయ ప్రభుత్వముది. నగర బస్సులు, ట్రాము పురపాలక సంస్థవి. ఒక్కొక్కటి తనంతట తాను చక్కగా నడచినను, వీటి నడుమ గల ఖాళీని దాటవలసినవాడు ప్రయాణికుడే. ధనవంతుడు ఆ ఖాళీని టాక్సీలో దాటును. సామాన్యుడు తెలివితో దాటవలెను. తెలియనిచో దారి చూపుదునని వచ్చు ప్రతివానికి లోబడవలెను.

విద్యార్థులారా! ఏ నగరమునకు పోయినను బయలుదేరుటకు ముందే మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనుడు: నేను దిగు స్టేషను పూర్తి పేరేమి? అచ్చటినుండి నగరములోనికి నడచునవి ఏవి? అవన్నియు కలియు చోటు ఏది? సెవిల్‌లో ఈ మూడవ ప్రశ్నకు సమాధానము సాన్ బెర్నార్దో. ఈ మూడును చేతనున్నవాడు మాట రాని దేశములో కూడ ఒకరి దయపై ఆధారపడక తన కాళ్ళపై తాను నడువగలడు.