సేంద్రియ సాగు పరివర్తన కాలం – వ్యవసాయ విశ్వవిద్యాలయ బాధ్యత

1964లో ఏర్పడిన నేటి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు బాధ్యతలున్నాయి. సుస్థిర సేంద్రియ సాగులో ఈ మూడింటికీ పరీక్ష పరివర్తన కాలమే. జాతీయ ప్రమాణాల ప్రకారం ఏకవార్షిక పంటలకు ఇది సాధారణంగా 2 సంవత్సరాలు. ఆ కాలంలో దిగుబడి తగ్గవచ్చు; ధ్రువీకృత సేంద్రియ ఉత్పత్తికి లభించే ధర మాత్రం ఇంకా అందదు.

పోషకాల లెక్క కూడా కీలకమే. సుమారు 0.5 శాతం నత్రజని గల పశువుల ఎరువును హెక్టారుకు 10 టన్నులు వేస్తే నేలకు చేరేది 50 కిలోలు. అందులో కొంత భాగమే తొలి పంటకు ఉపయోగపడుతుంది. కనుక జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట పైర్లను పూత దశలో కలియదున్నడం, జీవన ఎరువులు, పంట మార్పిడి తోడు కావాలి. ఏ నేలకు ఏ మేళవింపు తగినదో దీర్ఘకాలిక ప్రయోగాలతో నిర్ధారించి, దిగుబడి తగ్గుదలతో సహా ఫలితాలను కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా రైతుకు ముందుగానే తెలియజేయడం విశ్వవిద్యాలయ కర్తవ్యం.