బొమ్మ చూడటం కూడా చదవటమే!

"బొమ్మలు చూసింది చాలు, ఇక చదువు" అని పిల్లలతో అంటూ ఉంటాం. ఈసారి అలా అనే ముందు ఒక పుస్తకం సంగతి చూద్దాం.

బొమ్మలతో పిల్లల చేతికి

జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు 1812లో తమ జానపద కథల మొదటి సంపుటిని ప్రచురించారు. అందులో పండితులకు పనికొచ్చే వివరణలు ఉన్నాయి కానీ ఒక్క బొమ్మ కూడా లేదు. 1823లో ఆ కథలు కొన్ని ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు, జార్జ్ క్రూక్‌షాంక్ అనే లండన్ చిత్రకారుడు వాటికి బొమ్మలు వేశారు. పుస్తకానికి అక్కడ మంచి ఆదరణ దొరికింది. ఆ తర్వాత 1825లో గ్రిమ్ సోదరులు కూడా 50 కథలు ఏరి, పిల్లల కోసం చిన్న పుస్తకం తెచ్చారు. దానికి బొమ్మలు వేసింది వాళ్ల తమ్ముడు లుడ్విగ్.

రంగుల్లేని బొమ్మలో ఏముంది?

క్రూక్‌షాంక్ రాగి రేకుకు మైనపు పూత పూసి, దాని మీద సూదితో గీసేవారు. గీత పడిన చోట ఆమ్లం రేకును తినేస్తుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద అద్దుతారు. గీతలు దట్టంగా ఉంటే చీకటి, కాగితాన్ని ఖాళీగా వదిలేస్తే వెలుగు.

బూట్లు కుట్టే పేదవాడి కథకు ఆయన వేసిన బొమ్మలో, రాత్రిపూట సాయం చేసే ఇద్దరు బుల్లి మనుషులు కొత్త బట్టలు తొడుక్కుని సంబరపడుతుంటారు. దంపతులు చాటు నుంచి చూస్తుంటారు. ఆ బట్టలు ఎవరు కుట్టారు? దంపతులు ఎందుకు దాక్కున్నారు? బొమ్మ చెప్పదు, పిల్లలే ఊహించాలి. పాఠంలో నేరుగా లేని సంగతిని గ్రహించడానికి కావలసిందీ ఈ నేర్పే.

ఇంట్లో చేసి చూడండి

కథ చదివే ముందు, బొమ్మను రెండు నిమిషాలు చూడనిచ్చి ఇలా అడగండి:

1. ఇక్కడ ఏం జరుగుతోంది?
2. ఏది చూసి అలా అనుకున్నావు?
3. తర్వాత ఏం జరుగుతుంది?

తప్పొప్పులు దిద్దకండి. కథ చదివాక తన జవాబులను తననే సరిచూసుకోమనండి. పాత చందమామలు ఉంటే ఇంకా మంచిది. తెలుగు చదవడం తడబడే పిల్లలు కూడా బొమ్మ గురించి తెలుగులో చక్కగా మాట్లాడగలరు.